లోపలి నుంచి తట్టిన తలుపు

పొద్దున్న ఏడు కాకముందే మేస్త్రమ్మ యార్డు గేటు తాళం తీసేది. తీసి, తలుపుల వరసల మధ్య ఒకసారి నడిచి వచ్చేది. నూట పాతిక దాకా ఉండేవి తలుపులు. ద్వారబంధాలతో సహా నిలబెట్టి, వెనక ఇనప గొట్టాలు ఆనించి ఉంచేవాళ్ళు. అటూ గోడ లేదు, ఇటూ గోడ లేదు. గాలికి ఏదైనా ఒరిగిందేమో చూసుకుని, తుప్పు పట్టిన బందులు కిరసనాయిల్లో నానేసేది. ఈలోపు ఆమె తోడికోడలు, ఆ ఇంటి చిన్నకోడలు, స్టవ్ మీద టీ పెట్టేది. వాళ్ళ అత్తగారు తన స్టూలు తనే మోసుకుంటూ వచ్చి మూడో వరస మొదట్లో వేసుకుని కూర్చునేది.

ఏడూ పదికి మొదటి తలుపు చప్పుడయ్యేది.

ఆకుపచ్చ తలుపు అది. రెండు సార్లు మెల్లగా, ఒకసారి గట్టిగా. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన మనిషి తట్టే తీరు. అత్తగారు టీ గ్లాసు కింద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళేది.

"ఎవరూ లేరు నాయనా. ఇల్లు తీసేశారు. మీవాళ్ళు కాలవ అవతల కొత్తిల్లు కట్టుకున్నారు, అటు వెళ్ళు. చలిగా ఉంది, దారిలో ఎక్కడా ఆగకు."

అవతల చెప్పుల చప్పుడు మెల్లగా వెనక్కి మళ్ళేది.

తీసేసిన ఇళ్ళ తలుపుల సంగతే అంత. ఇంటికి రావాల్సినవాళ్ళకి ఇల్లు పోయిందని ఎవరూ చెప్పరు కదా, వాళ్ళు వస్తూనే ఉంటారు. కొనడానికి వచ్చినవాళ్ళు "చెద ఉందా?" అని అడిగినట్టే "దీన్ని ఇంకా ఎవరైనా తడుతున్నారా?" అని అడిగేవాళ్ళు. "ఇంకో రెండు వారాలు ఆగండి. బడి నుంచి ఒక పాప వస్తోంది, దానికి కాస్త నిదానంగా చెప్పాలి," అని చిన్నకోడలు జవాబిచ్చేది. ఊళ్ళో పాత సామాన్లు అమ్మేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, వాళ్ళ తలుపులు కొన్న ఇంట్లో నిద్ర కరువే. ఈ యార్డు తలుపులు మాత్రం బేరం కుదిరే నాటికి నిమ్మళించి ఉండేవి. ఆ గొప్పంతా అత్తగారిదే. ఎవరికి ఏ మాట చెబితే మనసు కుదుటపడి వెళ్తారో ఆమెకి తెలుసు.

"ఇంట్లో మాతో మాట్లాడ్డానికి ఓపికుండదు గానీ, ఇక్కడ పోయినవాళ్ళందరితో కబుర్లే," అని చిన్నకోడలు దెప్పేది.

"వాళ్ళు నాకు ఎదురు చెప్పరే," అనేది అత్తగారు.

మేస్త్రమ్మ పద్నాలుగేళ్ళు ఇళ్ళు పడగొట్టే చోట తట్ట మోసింది. ఆమె మొగుడూ అదే పని. అప్పట్లో యంత్రం వచ్చి ఒక్క పంజా విసిరితే ఇల్లు నేలమట్టమయ్యేది. రాయీ ఇటుకా, మంచి కలపా, కిటికీ ఊచలూ అన్నీ కలిపి లారీల్లో పోసి ఊరి చెరువులో కుమ్మరించేవాళ్ళు. సగం చెరువు అలాగే పూడిపోయింది. చేపలు పట్టేవాళ్ళు వలలు అమ్ముకున్నారు. ఒకరోజు యంత్రం ఇటు కొడుతుంటే అటు గోడ కూలి మేస్త్రమ్మ మొగుడి మీద పడింది. అతను చూసుకోకుండా వెళ్ళాడని, తప్పు ఎవరిదీ కాదని కాంట్రాక్టరు ఒక కాగితం రాయించుకొచ్చాడు. ఆమె దాని మీద వేలిముద్ర వేసింది. వేసినందుకు తర్వాత ఎన్ని రోజులు ఆ బొటనవేలిని కొరుక్కుందో ఆమెకే తెలుసు.

ఆ ఏడే తోడికోడళ్ళిద్దరూ ఈ పని మొదలుపెట్టారు. చిన్నకోడలి పుట్టింటివాళ్ళు వడ్రంగులు, ఆమెకి ఉలీ చిత్రికా చిన్నప్పటి నుంచీ చేతిలో ఆడేవి. ఇల్లు పడగొట్టడం కాదు, విప్పడం. పైకప్పు నుంచి పునాది దాకా, కట్టినదానికి తిరగేసి, ఒక్కొక్కటీ చేత్తో విప్పేవాళ్ళు. దన్ను పెట్టకుండా ఒక్క దూలం కదపకూడదు, టోపీ లేకుండా ఎవరూ లోపల కాలు పెట్టకూడదు. యంత్రాలొచ్చాక పని పోయిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఎనిమిదేళ్ళలో ముప్ఫై మంది అయ్యారు. వాళ్ళ చేతి మీదుగా నూరు ఇళ్ళకి పైగా విడిపోయాయి. ఒక్క తట్ట కూడా చెరువులో పడలేదు. వేలు నలగడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

మేస్త్రమ్మ మొగుడు మాత్రం ఏనాడూ ఏ తలుపూ తట్టలేదు. ఒకసారి ఎవరో ఆ మాట ఎత్తితే అత్తగారు, "వాడికి తట్టే అలవాటెక్కడిది? తోసుకుని వచ్చేసేవాడు," అంది. అని చాలాసేపు గేటు వైపు చూస్తూ కూర్చుంది.

ఆ ముప్ఫై మందిలో ఒకామెని అందరూ మేకులామె అనేవాళ్ళు. ఏడాదిన్నర కిందట వచ్చి చేరింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. పాత కలపలోంచి మేకులు పీకి, రాతి మీద పెట్టి సుత్తితో తిన్నగా కొట్టడం ఆమె పని. వంకర మేకు ఆమె చేతిలో పడితే కొత్తదైపోవాల్సిందే. మాట తక్కువ. ఎవరేమడిగినా "ఆ" అనో "ఊ" అనో తేల్చేసేది. పదకొండు కొట్టేసరికి మాత్రం ఏ పనిలో ఉన్నా ఒక్కసారి చెయ్యి ఆపేది. ఎందుకని ఎవరూ అడగలేదు.

పని మొదలుపెట్టిన ఎనిమిదో ఏడు వేసవి చివర్లో మిల్లాయన కబురు పెట్టాడు. బనియన్లు నేసే పాత మిల్లు అతనిది. మిల్లు మూసేసి ఊరి అవతలి వైపు చొక్కాలు కుట్టే కొత్త యూనిట్ పెట్టుకున్నాడు. పాత మిల్లు మొత్తం విప్పించి ఆ స్థలం అమ్మాలని అతని ఆలోచన. పది షెడ్లు, రెండు మేడలు. మూడేళ్ళ పని. ముప్ఫై ఇళ్ళు మూడేళ్ళు దిగుల్లేకుండా బతుకుతాయి.

"ముందు ఒక మేడ విప్పి చూపించమ్మా. మీ పని నచ్చితే మిగతాదంతా మీకే," అన్నాడు మిల్లాయన. మర్యాదగా మాట్లాడే మనిషి. కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. లేవబోతుంటే అన్నాడు, "పై అంతస్తులో ప్యాకింగ్ గది తలుపొకటుంది. దానికి చెద పట్టింది. అది మాత్రం చీల్చి కాల్చేయండి."

ఇరవై రెండు రోజుల్లో మేడ విప్పారు. చివరికి మిగిలింది ఆ తలుపు. చిన్నకోడలు దాన్ని వేలితో కొట్టి చూసింది, గోటితో గీరి చూసింది.

"చెద లేదు, ఏం లేదక్కా. అసలు సిసలు టేకు. కళ్ళు పోయినవాడు కూడా దీన్ని కాల్చడు. మిల్లాయన సరిగ్గా చూసి ఉండడు."

లారీ తోలేది చిన్నకోడలి మొగుడు. ద్వారబంధంతో సహా తలుపుని అతనే ఎక్కించాడు. యార్డులో నాలుగో వరస చివర నిలబెట్టారు. మేకులామె ఆ రోజు ఒంట్లో బాగాలేదని పనికి రాలేదు.

మర్నాడు పదకొండు దాటి అయిదు నిమిషాలు అయ్యిందో లేదో, ఆ తలుపు చప్పుడైంది.

అది ఒకరు తట్టినట్టు లేదు. అరచేతులతో, పిడికిళ్ళతో, ఒకేసారి చాలామంది. అత్తగారు స్టూలు మీంచి లేచి, "వస్తున్నానమ్మా, వస్తున్నా, ఇంత తొందరైతే ఎలా," అంటూ వెళ్ళింది. ఎప్పట్లాగే తలుపుకి లోపలి వైపు నిలబడి, ఇంట్లోవాళ్ళ మాటలా చెప్పింది.

"ఎవరూ లేరమ్మా, ఇల్లు తీసేశారు."

చప్పుడు ఆగలేదు. ఇంకా ఎక్కువైంది. ఆమె తల పక్కనే, చెక్క ఆమె వైపు నుంచే అదురుతోంది. అత్తగారు రెండడుగులు వెనక్కి వేసింది. చుట్టూ తిరిగి అవతలి వైపుకి వెళ్ళి చెవి ఆనించింది. మళ్ళీ ఇటు వచ్చింది. మొహం పాలిపోయింది.

"పెద్దదానా, వీళ్ళు ఇంటికొచ్చినవాళ్ళు కాదే. లోపలున్నవాళ్ళు. లోపలి నుంచి తడుతున్నారు."

యార్డులో సుత్తులూ రంపాలూ ఆగిపోయాయి. పావుగంట తట్టారు. చివర్లో చప్పుడు కిందకి దిగింది. మోకాలి ఎత్తులో, ఆ తర్వాత గడప దగ్గర, గోళ్ళతో గీకినట్టు వినిపించి ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం చిన్నకోడలు తలుపుని మళ్ళీ పరీక్షగా చూసింది. గడియ బయటి వైపు బిగించి ఉంది, గోదాముకి వేసేంత లావుది. లోపలి వైపు కొత్తగా వేసిన గోధుమరంగు పెయింటు. దాన్ని ఉప్పుకాగితంతో కాస్త రుద్దితే కింద మసి బయటపడింది. అడుగు భాగంలో చెక్క మీద సన్నని గాట్లు. ఆమె వాటి మీద తన వేళ్ళు పెట్టి చూసుకుని చటుక్కున తీసేసింది.

అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కిందట మిల్లు ప్యాకింగ్ గదిలో మంటలు లేచి ఆరుగురు ఆడవాళ్ళు పోయారు. విచారణ జరిగింది. తలుపు తెరిచే ఉందని, పొగకి స్పృహ తప్పి బయటికి రాలేకపోయారని తేల్చారు. ఊరంతా అయ్యో అంది, తర్వాత మర్చిపోయింది.

"తెరిచి ఉన్న తలుపుని ఎవరైనా ఇలా తడతారా?" అంది చిన్నకోడలు.

మేస్త్రమ్మ గడియ పట్టుకుని లాగింది. రాలేదు. కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టి, చివరికి లారీ జాకీ కూడా పెట్టి చూశారు. ఇనుము కదిలితేనా! రంపంతో కోద్దామంటే పన్ను ఆనలేదు.

మర్నాడు పదకొండింటికి మళ్ళీ తట్టారు. ఆ మర్నాడూ అంతే. అత్తగారు తలుపు ముందు నిలబడి నోరు తెరిచేది, మూసేది. "ఇంటికి పొమ్మని చెప్పనా? పోనిస్తేగా వాళ్ళని," అనేది. మిగతా తలుపుల దగ్గర కూడా ఆమెకి మాట తడబడటం మొదలైంది. రాత్రి డ్యూటీ మనిషి మూడు రోజులు జవాబు లేక తిరిగి తిరిగి తట్టాడు. బడి పాప తలుపు అవతల ఏడవడం వినబడింది. మేకులామె పనిలోకి వచ్చింది గానీ, పదకొండు దగ్గరపడితే గేటు బయటికి వెళ్ళి రోడ్డు మీద నిలబడేది. ఒకరోజు ఆమె చేతిలో మేకు వంకరగానే మిగిలిపోయింది.

వారం తర్వాత మిల్లాయన కాగితాలు పట్టుకుని యార్డుకి వచ్చాడు. పని నచ్చిందన్నాడు. మేడ ఇటుకలు పేర్చిన తీరు చూసి మెచ్చుకున్నాడు. నాలుగో వరస దగ్గరికి వచ్చేసరికి నడక ఆగింది.

"ఇది కాల్చేయమన్నానుగా?"

"మంచి కలప సార్. మేం ఏదీ కాల్చం," అంది మేస్త్రమ్మ.

అప్పుడే పదకొండు దాటింది. తట్టడం మొదలైంది. మిల్లాయన ఎవరు, ఏమిటి అని అడగలేదు. జేబు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. గోళ్ళ చప్పుడు కూడా ఆగాక మెల్లగా అన్నాడు.

"చూడమ్మా, పోయినవాళ్ళు పోయారు. నీ దగ్గర ముప్ఫై మంది బతికున్నవాళ్ళున్నారు. రేపు మధ్యాహ్నానికి ఇది బూడిదైతే నేను సంతకం పెడతా. లేదంటే యంత్రాన్ని పిలిపిస్తా. ఆ మట్టి ఎక్కడికి పోతుందో నీకు తెలుసు."

అతను వెళ్ళాక తోడికోడళ్ళిద్దరూ షెడ్డులో కూర్చున్నారు.

"కాల్చడానికి నా చెయ్యి రాదక్కా," అంది చిన్నకోడలు.

"నాకు మాత్రం వస్తుందా? వానలు మొదలైతే చేతిలో ఒక్క ఇల్లు లేదు. వీళ్ళందరికీ ఏం చెప్పమంటావు?"

"బావ విషయంలో ఇలాగే కదూ అందరూ నీకు సర్దిచెప్పింది?"

చిన్నకోడలు అంత మాట అన్నందుకు నాలుక కరుచుకుంది. మిగిలిన టీ చల్లారిపోయింది.

మర్నాడు పదిన్నరకి మేస్త్రమ్మ గొడ్డలి తీసుకుని నాలుగో వరసకి వెళ్ళింది. ఎవరినీ దగ్గరికి రావద్దంది. పని మానేసి ఆడవాళ్ళంతా దూరంగా నిలబడ్డారు. ఆమె గొడ్డలి ఎత్తబోతుంటే మేకులామె వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"పక్కకి జరుగు," అంది మేస్త్రమ్మ.

"ఆ గడియ వేసింది నేను."

మేస్త్రమ్మకి ముందు అర్థం కాలేదు. మేకులామె గొంతు పెంచకుండా, మేకులు లెక్కపెట్టినట్టు ఒక్కో మాటా చెప్పుకుపోయింది.

"ఆ గదికి నేను సూపర్వైజరుని. మధ్యాహ్నం దాకా ఎవరూ బయటికి పోకూడదని ఆయన రూలు. ఎప్పుడు కిందకి దిగినా గడియ వేసి దిగాలి. ఆ రోజు లేబుళ్ళు అయిపోతే తేవడానికి వెళ్ళాను. కింద ఉండగానే వాసన వచ్చింది. పైకి పరిగెత్తాను. ఇంక మూడు మెట్లే. వాళ్ళు తడుతున్నారు. నన్ను పిలుస్తున్నారు, అక్కా, అక్కా అని."

"ఊ," అంది మేస్త్రమ్మ.

"పొగ మెట్ల మీదుగా దిగుతోంది. నల్లగా ఉంది. నాకు భయమేసింది. వెనక్కి తిరిగాను." గడియ వైపు ఒకసారి చూసింది. "తర్వాత తలుపు తెరిచే ఉందని కాగితం మీద సంతకం పెట్టాను. ఇక్కడికొచ్చేదాకా ఎక్కడా ఉద్యోగంలో నిలవలేకపోయాను. ఊళ్ళో పాత తలుపులన్నీ ఎప్పటికైనా ఇక్కడికే వస్తాయన్నారు. అందుకే వచ్చి కూర్చున్నాను."

ఆ క్షణంలో మేస్త్రమ్మకి ఆ మనిషి చెంప పగలగొట్టాలనిపించింది. ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని తిన్న మనిషి! చెయ్యి లేచింది కూడా. లేచిన చేతి బొటనవేలు ఆమె కళ్ళ ముందుకి వచ్చింది. నీలం సిరా అంటుకున్నట్టే ఉంది. ఎనిమిదేళ్ళయినా పోలేదు.

"ఇంకోటి కూడా వినండి," అంది మేకులామె. "కొత్త యూనిట్‌లోనూ గడియ బయటి వైపే పెట్టాడు. నేను వెళ్ళి చూసొచ్చాను. అక్కడ డెబ్బై రెండు మంది కుడుతున్నారు."

మేస్త్రమ్మ గొడ్డలి కింద పడేసింది.

"పదకొండవుతోంది. తియ్యి మరి," అంది.

ఇద్దరూ తలుపు ముందు నిలబడ్డారు. ముప్ఫై మందీ దగ్గరికి వచ్చారు. అత్తగారు స్టూలు వదిలేసి వచ్చి ముందు నిలబడింది. తట్టడం మొదలైంది. మేకులామె గడియ మీద చెయ్యి వేయగానే చుర్రుమన్న చప్పుడైంది, మాంసం కాలిన వాసన వచ్చింది. ఆమె చెయ్యి తీయలేదు. పళ్ళు బిగించి లాగింది. నూనె పెట్టిన గడియలా జారి వచ్చేసింది.

తలుపు తెరుచుకుంది.

కనిపించడానికి అవతల యార్డు గోడా, దాని మీద ఆరేసిన గోనెసంచులూ తప్ప ఏమీ లేవు. కానీ వేడి గాలి ఒకటి గుమ్మంలోంచి వచ్చి అందరి మొహాలకీ కొట్టింది. నిలబడ్డవాళ్ళు ఎవరూ చెప్పకుండానే రెండు వైపులా జరిగి దారి ఇచ్చారు. అత్తగారికి వారం రోజులుగా దొరకని మాట అప్పుడు దొరికింది. చెయ్యి చాచి, ఒక్కొక్కరి మోచెయ్యీ పట్టుకుని దించుతున్నట్టు, "మెల్లగా అమ్మా, మెల్లగా. మెట్లున్నాయి. చూసుకుని దిగండి," అంది. ఆరు సార్లు అంది. మేకులామె గడప పక్కనే, కాలిన చెయ్యి పట్టుకుని తల వంచుకుని నిలబడింది. ఆరోసారి గాలి ఆమె ముందు కాస్త ఆగింది. ఆమె జుట్టు కదిలింది. తర్వాత అది కూడా వెళ్ళిపోయింది.

వాళ్ళు ఎటు వెళ్ళారో ఎవరికీ తెలియలేదు. గేటు మాత్రం ఎవరో తీసినట్టు బార్లా తెరుచుకుని ఉంది.

ఆ సాయంత్రమే మేకులామె పోలీసుల దగ్గరికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పి సంతకం పెట్టింది. పక్కన మేస్త్రమ్మ కూర్చుంది. తలుపుని లారీలో తీసుకెళ్ళి అక్కడే దించారు. మసి, గాట్లు, బయటి గడియ అన్నీ రాసుకున్నారు. కేసు మళ్ళీ తెరిచారు. కొత్త యూనిట్ గడియ సంగతి కూడా చెబితే, కనుక్కుంటామన్నారు. మేకులామెని కూడా ముద్దాయిగా చేర్చి, పిలిచినప్పుడల్లా రావాలని చెప్పి పంపారు.

మిల్లాయన అన్నంత పనీ చేశాడు. పాత మిల్లు మీదికి యంత్రాలు వచ్చాయి. పది షెడ్లూ, మిగిలిన మేడా పది రోజుల్లో చెరువు పాలయ్యాయి. చెరువు గట్టు మీద నిలబడి తోడికోడళ్ళిద్దరూ ఆ లారీలని చూశారు. ఆ వానాకాలం యార్డుకి గడ్డుకాలం. ముప్ఫై మందికీ పని చాలక వారానికి మూడు రోజుల చొప్పున పంచుకున్నారు. నలుగురు మానేసి వెళ్ళారు. ఉన్నవాళ్ళలో కొందరు మేకులామె పక్కన కూర్చోవడం మానేశారు. ఇంత జరిగాక ఆమెని ఇంకా ఎందుకు ఉంచుకున్నావని మేస్త్రమ్మని మొహం మీదే అడిగారు. మేస్త్రమ్మ తన బొటనవేలు చూసుకుని పనిలోకి వెళ్ళిపోయేది. అత్తగారైతే ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. దారిన పోయే దయ్యాన్ని కూడా పలకరించే మనిషి, మేకులామె ఎదురుపడితే మొహం తిప్పుకునేది. మేకులామె ఎవరినీ ఏమీ అడగలేదు. అరచేతికి గుడ్డ చుట్టుకుని, ఎడం చేత్తో సుత్తి పట్టుకోవడం నేర్చుకుంది.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఒకతె యార్డుకి వచ్చింది. మెడలో కొలిచే టేపు వేలాడుతోంది, తీయడం మర్చిపోయినట్టుంది. తలుపులు కొనడానికి కాదంది. మిల్లాయన కొత్త యూనిట్‌లో కాలర్లు కుడతానంది.

"ఆ కేసులో నిజం చెప్పినావిడ ఇక్కడే పని చేస్తారటగా?"

మేస్త్రమ్మ ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. గ్లాసు ఖాళీ చేసి ఆ పిల్ల చెప్పుకొచ్చింది.

వేసవి అయిపోయాక ఒకరోజు నుంచి మొదలైందట. పదకొండు దాటగానే బయటి గడియ దానంతటదే జరిగిన చప్పుడు. డెబ్బై రెండు మందీ మిషన్లు ఆపి చూశారట. ఎవరూ లేరు. తలుపు మాత్రం జానెడు తెరుచుకుంది. గాలి వచ్చింది. కాపలావాడు పరిగెత్తుకొచ్చి మళ్ళీ వేశాడు. మర్నాడు మళ్ళీ తెరుచుకుంది. మిల్లాయన కాపలావాణ్ణి మార్చాడు, తాళం వేయించాడు. తాళం తెరిచి మెట్ల మీద పెట్టి ఉంది. గడియ మార్చాడు. వడ్రంగిని పిలిపిస్తే అతను ఒకసారి తలుపు మీద చెయ్యి వేసి చూసి, ఈ పని నా వల్ల కాదండీ అని సంచి సర్దుకుని పోయాడు.

"మాకు కూడా అలవాటైపోయింది. మొన్న మంగళవారం పదకొండూ పదికి ఇస్త్రీ బల్ల దగ్గర వైరు అంటుకుంది. పక్కనే బట్ట. చూస్తుండగానే పైదాకా లేచింది. తలుపు అప్పటికే తీసి ఉంది. అందరం దిగిపోయాం. ఒకామె చెప్పు పోయింది, అంతే. కింద నిలబడి చూస్తే గది మొత్తం మంటలే. అది పదింటికి అంటుకుని ఉంటేనా..." ఆ పిల్ల మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకుంది. "గడియలు ఆయనే పీకించేశాడు. నిన్నట్నుంచి కింద హాల్లో కుడుతున్నాం."

మేస్త్రమ్మ ఆమెని మేకులామె దగ్గరికి తీసుకెళ్ళింది. మేకులామె రాయి మీద మేకు పెట్టి కొడుతోంది. ఆ పిల్ల ఎదురుగా గొంతుకూర్చుని, "మేం డెబ్బై రెండు మందిమండీ. అందరి తరఫునా వచ్చాను," అంది.

"నాకు చెప్పకు," అంది మేకులామె. "ఆ తలుపు తీస్తున్నది నేను కాదు."

"మరెవరు?"

మేకులామె సుత్తి కింద పెట్టింది. ఒక్కొక్కరి గురించే చెప్పడం మొదలుపెట్టింది. మడతపెడుతూ ఎప్పుడూ కూనిరాగం తీసే పాటలక్క. పై అర అందుకోవడానికి అందరూ పిలిచే పొడుగామె. పెళ్ళై నలభై రోజులే అయిన కొత్తకోడలు. కళ్ళద్దాలు విరిగితే దారంతో కట్టుకుని పనిలోకి వచ్చిన అద్దాల పిల్ల. ఒకే డబ్బాలో తినే అక్కచెల్లెళ్ళు పెద్దబుజ్జి, చిన్నబుజ్జి. ఎవరికి ఏది ఇష్టమో, ఎవరు ఏ కిటికీ దగ్గర నిలబడేవాళ్ళో, ఎవరు ఎవరితో పోట్లాడేవాళ్ళో చెప్పింది. నాలుగేళ్ళలో ఆమె అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. పనిచేస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. అత్తగారు తన స్టూలు ఎత్తుకొచ్చి మేకులామె వెనక వేసుకుంది. చిన్నబుజ్జి సంగతి దగ్గర మేకులామె ఆగిపోతే అత్తగారే, "తర్వాత?" అంది. చెప్పేదాకా వదల్లేదు.

మర్నాడు కొత్త యూనిట్‌లో, కింద హాల్లో, పదకొండు దాటింది. ఈ హాలు తలుపుకి గడియ లేదు, ఊరికే దగ్గరగా వేసి ఉంది. అయినా అది జానెడు జరిగి, గాలి లోపలికి వచ్చింది. మిషన్లు ఆగాయి. కాలర్లు కుట్టే అమ్మాయి లేచి, తన పక్కనున్న బల్ల మీది బట్టలన్నీ ఒక మూలకి నెట్టింది.

"రండి పాటలక్కా," అంది. "కొత్తకోడల్ని కూడా తీసుకురండి. అందరూ కూర్చోండి, చోటుంది."